మత్తు మానాలన్న మనస్సుకు కొలత

తెలుగు వ్యాకరణంలో ప్రేరణార్థక క్రియలని ఒక పాఠం ఉన్నది. చేయు – చేయించు, తిను – తినిపించు, మాను – మాన్పించు. మొదటిది కర్త తానుగా చేసే పని. రెండవది ఒకరు మరొకరి చేత జరిపించే పని. ఈ పాఠం చెప్పేటప్పుడు నేను సాధారణంగా ‘మాను – మాన్పించు’ దగ్గర ఒక నిమిషం ఆగుతాను. ఎందుకంటే మన ఇళ్ళలో, మన వీధుల్లో ఈ రెండు క్రియల మధ్య నలిగిపోతున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తాగేవాడు మానాలి, ఇంటివారు మాన్పించాలి. ఈ రెండింటిలో ఏది ఎంత ఉన్నదో తెలుసుకోవడానికి మనస్తత్వ శాస్త్రజ్ఞులు గత నలభై ఏళ్ళలో కొన్ని కొలమానాలు తయారుచేశారు. ‘చికిత్స పట్ల వ్యక్తికి గల ప్రేరణను కొలవడం’ అని వారు దానికి పేరు పెట్టారు. ఆ కొలతలు ఎట్టివి, అవి ఏమి చెప్పగలవు, ఏమి చెప్పలేవు అన్నది ఈ వ్యాసంలో పరిశీలిస్తాను. నేను వైద్యుణ్ణి కాను, మనస్తత్వ శాస్త్రం నా విషయం కాదు. అయినా ఇది చివరకు మాటల మీద ఆధారపడిన విద్య కాబట్టి, మాటల పాఠం చెప్పేవాడికి ఇందులో కొంత చోటు ఉన్నదని అనుకుంటున్నాను.

నాకు ఈ విషయం మీద ఆసక్తి కలగడానికి కారణం పదకొండేళ్ళ క్రితం జరిగిన ఒక సంఘటన. కల్లూరులో మా ఇంటి వెనుక వీధిలో నాకు మేనమామ వరుస అయ్యే తాపీ మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. కర్నూలు నగరం కల్లూరు పొలాల మీదికి ఇళ్ళుగా వ్యాపిస్తున్న ఆ సంవత్సరాల్లో ఆయనకు పనికి కొరత లేదు. తాగుడు మొదట సాయంత్రాలకు పరిమితమై ఉండేది. తరువాత మధ్యాహ్నానికి జరిగింది. చివరకు నిద్ర లేవగానే ఒక గుక్క పడితే తప్ప చేతి వణుకు ఆగని స్థితి వచ్చింది. ఆయన భార్య, బావమరిది, ఇద్దరు కొడుకులు, నేను కలిసి ఆయనను వేరొక ఊళ్ళోని చికిత్సా కేంద్రానికి తీసుకొని వెళ్ళాము. బల్ల ముందున్న యువకుడు ఒక ఇంగ్లీషు ఫారం తీసి, అందులోని వాక్యాన్ని తనలో తాను చదువుకొని, ‘ఏం పెద్దాయనా, మానాలని ఇష్టముందా?’ అని అడిగాడు. మామూ తల దించుకున్నాడు. ‘వీళ్ళు పిల్చుకొచ్చినారు, వచ్చినా’ అన్నాడు. యువకుడు మళ్ళీ అడిగాడు. మామూ కొడుకుల వైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు. ‘ప్రేరణ లేదు’ అని ఫారం మీద రాసి, ఇష్టం కలిగినప్పుడు తీసుకొని రమ్మని మమ్మల్ని పంపివేశారు. ఆ యువకునిలో దురుసుతనం ఏమీ లేదు. ఇష్టం లేనివాడికి చికిత్స వ్యర్థమని అతనికి ఎవరో నేర్పారు, అంతే.

తిరుగు ప్రయాణంలో మామూ బస్సు కిటికీ పక్కన కూర్చున్నాడు. చాలాసేపటికి ఉర్దూలో నాతో అన్నాడు: ‘చెయ్యి వణకకుండా ఒక్క రోజు తాపీ పట్టుకుంటే చాలు, బేటా. కట్టిన గోడ వంకర పోతున్నది. కూలికి వచ్చే పిల్లవాడు చూస్తున్నాడు.’

పదునాలుగు నెలల తరువాత ఆయన కాలేయ వ్యాధితో మరణించాడు. చేర్చుకొని ఉంటే బ్రతికేవాడని నేను చెప్పలేను. ఆ ఫారం ఆయనను తప్పుగా కొలిచిందని మాత్రం చెప్పగలను. ‘ఇష్టముందా’ అన్న ప్రశ్నకు దొరకని సమాధానం బస్సులో, అడగకుండానే వచ్చింది.

పూర్వం పాశ్చాత్య దేశాలలో కూడా ఇటువంటి అభిప్రాయమే ప్రబలంగా ఉండేది. తాగుబోతు స్వభావరీత్యా అబద్ధమాడుతాడు, తన జబ్బును ఒప్పుకోడు, కాబట్టి గట్టిగా నిలదీసి అతని మొండితనాన్ని విరగ్గొట్టాలి, లేదా పూర్తిగా చెడిపోయి తానే కాళ్ళ మీద పడేదాకా వేచి ఉండాలి అని చాలామంది వైద్యులు భావించేవారు. అమెరికాలోని న్యూ మెక్సికో విశ్వవిద్యాలయానికి చెందిన విలియం మిల్లర్ ఈ భావాన్ని ప్రశ్నించాడు. ఆయన నార్వేలోని బెర్గెన్ నగరంలో కొందరు యువ మనస్తత్వవేత్తలకు తన పద్ధతి చూపిస్తున్నప్పుడు, వారు మధ్యమధ్య ఆపి ‘ఆ ప్రశ్నే ఎందుకు అడిగారు? ఆ మాటకు బదులు ఇంకో మాట ఎందుకు అనలేదు?’ అని అడిగారట. ఆ ప్రశ్నలకు జవాబులు వెదుకుతూ ఆయన 1983లో ఒక వ్యాసం ప్రకటించాడు. తరువాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి 1991లో పుస్తకం రాశాడు. వారు చెప్పిన దాని సారాంశం ఇది: ప్రేరణ అన్నది కళ్ళ రంగు వలె ఒక మనిషిలో ఉండనో లేకుండానో ఉండే గుణం కాదు. అది పెరుగుతుంది, తగ్గుతుంది; ఎదుటివాడు మాట్లాడే తీరును బట్టి కూడా మారుతుంది. నిలదీస్తే రోగి తాగుడును సమర్థించుకుంటాడు. ఓపికగా వింటే మానడానికి కారణాలు తానే చెప్పడం మొదలుపెడతాడు. పాఠశాలలో పిల్లలకు చెప్పిన వారెవరికైనా ఇది కొత్త సంగతి కాదు.

సరిగా అదే కాలంలో జేమ్స్ ప్రొచాస్కా, కార్లో డిక్లెమెంటీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పొగ తాగడం మానినవారిని పరిశీలిస్తున్నారు. మానడం ఒక రోజున జరిగే సంఘటన కాదని, దానికి దశలున్నాయని వారు గమనించారు. మొదట సమస్య ఉన్నదన్న తలంపే ఉండదు. తరువాత తలంపు కలుగుతుంది కాని మనసు అటూ ఇటూ ఊగుతుంది. ఆపైన సన్నాహం, ఆచరణ, చివరకు నిలకడ. చాలామంది నిలకడ నుంచి జారి మళ్ళీ మొదటికి వస్తారు, తిరిగి ఎక్కుతారు. మన విద్యార్థులకు ఇందులో ఒక పోలిక తోచవచ్చును. ఖురాన్‌లో మద్య నిషేధం కూడా ఒక్కసారిగా రాలేదు. దాని మేలు కంటే కీడు ఎక్కువ అన్న మాట బఖరా అధ్యాయంలోను, మత్తులో నమాజుకు రావద్దన్న కట్టడి నిసా అధ్యాయంలోను, పూర్తి నిషేధం మాయిదా అధ్యాయంలోను ఉన్నాయని వ్యాఖ్యాతలు వివరిస్తారు. ఒక సమాజం అలవాటు మార్చుకోవడానికి కూడా మెట్లు కావలసి వచ్చాయి.

ఈ దశలను కొలవడానికి 1983లో రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయంలో ఒక ప్రశ్నావళి వెలువడింది. దాని ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలను కలిపి ‘యూరికా’ అంటారు. అందులో 32 వాక్యాలు ఉన్నాయి. తలంపు లేమి, తలంపు, ఆచరణ, నిలకడ అన్న నాలుగింటికి ఎనిమిదేసి. ప్రతి వాక్యాన్ని చదివి, అసలు ఒప్పుకోను అన్నదానికి 1, పూర్తిగా ఒప్పుకుంటాను అన్నదానికి 5 చొప్పున గుర్తు పెట్టాలి. తరువాత ఒక్కొక్క విభాగానికి సగటు కట్టి, తలంపు, ఆచరణ, నిలకడల సగటులను కూడి, అందులో నుంచి తలంపు లేమి సగటును తీసివేస్తే వచ్చేది ఆ వ్యక్తి సంసిద్ధత. లెక్క తేలికైనదే. కాని దానిలోని చిక్కును ఒక కల్పిత ఉదాహరణతో చూపిస్తాను.

ఒక వ్యక్తికి తలంపు 4, ఆచరణ 2, నిలకడ 3, తలంపు లేమి 2 వచ్చాయనుకోండి. కూడి తీసివేస్తే 7. ఇంకొకనికి తలంపు 3, ఆచరణ 4, నిలకడ 4, తలంపు లేమి 4. అతనికీ 7 వస్తుంది. మొదటివాడు తన సమస్యను గుర్తించి, ఏమి చేయాలో తోచక కూర్చున్నవాడు. రెండవవాడు ఏదో చేస్తూనే ఉన్నాడు, అయినా తనకు సమస్య ఉన్నదని ఒప్పుకోవడం లేదు. ఇద్దరికీ ఒకటే మార్కు. ఒకరికి దారి చూపాలి, మరొకరితో కూర్చొని మాట్లాడాలి. మొత్తం మార్కు మాత్రమే చూసే ఉపాధ్యాయుడు ఏ పొరపాటు చేస్తాడో ఇక్కడా అదే జరుగుతుంది.

రెండవవాడు ఊహామాత్రుడు కాడు. మన ప్రాంతంలో అటువంటివారిని ప్రతి సంవత్సరం చూస్తున్నాము. రంజాన్ నెల మొదలుకాగానే తాగుడు పూర్తిగా ఆపివేసి, ఈద్ గడిచిన మరునాడో మూడవ నాడో తిరిగి మొదలుపెట్టేవారు ఉన్నారు. అయ్యప్ప మాల వేసుకొని నలభై ఒక్క రోజులు చుక్క ముట్టక, మాల తీసిన సాయంత్రమే దుకాణానికి వెళ్ళేవారు ఉన్నారు. వీరిని గూర్చి పెద్దలు ‘దొంగ భక్తి’ అని కొట్టిపారేస్తారు. నాకు అలా తోచదు. నెల రోజులు మానగలిగినవాడికి మానే శక్తి ఉన్నదని ఋజువైంది. ఆ నెలలో ఏది అతన్ని నిలబెట్టింది – తోటివారి సాంగత్యమా, వేళకు నమాజో పూజో చేయడమా, సాయంత్రం పూట చేయడానికి ఒక పని ఉండడమా – అన్నది అడిగి తెలుసుకుంటే చికిత్సకు అంతకంటే మంచి సమాచారం ఉండదు. ఏ ప్రశ్నావళిలోనూ ‘రంజాన్‌లో ఏమి చేశావు?’ అన్న ప్రశ్న లేదు. మనమే చేర్చుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ప్రతిరోజూ ఎక్కువగా తాగేవాడు వైద్యుని సలహా లేకుండా ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్లు, మతిభ్రమణం కలగవచ్చును. ప్రాణాపాయం కూడా ఉన్నది. మా మామూ వంటి స్థితిలో ఉన్నవారిని ‘ఈ రోజు నుంచి బంద్’ అని ఇంట్లో కట్టడి చేయడం ప్రమాదకరం. అటువంటివారిని ముందు ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి. ఇంకొక మాట. మత్తులో ఉన్నప్పుడో, మానిన మొదటి రెండు మూడు రోజుల బాధలో ఉన్నప్పుడో ప్రశ్నావళి ఇచ్చి ప్రేరణ కొలవడం జ్వరంలో ఉన్న విద్యార్థికి పరీక్ష పెట్టడం వంటిది.

1996లో మిల్లర్, టోనిగన్ ప్రకటించిన మరొక ప్రశ్నావళికి ‘సోక్రటీస్’ అని పేరు. ఇదీ మొదటి అక్షరాల కూర్పే, కాని ప్రశ్నలడిగి మనిషి చేతనే సత్యం చెప్పించిన ఆ గ్రీకు తత్వవేత్త పేరు దానికి చక్కగా కుదిరింది. 19 వాక్యాలు. సమస్యను గుర్తించడం, ఊగిసలాట, అడుగులు వేయడం అన్న మూడు భాగాలు. ఈ మూడింటిలో ఊగిసలాట భాగం నన్ను ఎక్కువగా ఆకర్షించింది. అందులో మార్కు తక్కువ వస్తే రెండు అర్థాలు ఉండవచ్చును. తన తాగుడు హద్దు దాటిందని నిశ్చయంగా తెలిసినవాడికి ఊగిసలాట ఉండదు. తనకు ఏ సమస్యా లేదని నిశ్చయంగా నమ్మేవాడికీ ఉండదు. మార్కు ఒకటే, మనుషులు రెండు ధ్రువాలు. గుర్తింపు భాగంలోని మార్కుతో కలిపి చదివితేనే అర్థం తెలుస్తుంది. పద్యంలో ఒక పదాన్ని విడదీసి చదివితే అర్థం తప్పిపోయినట్లే.

ఇక ‘మాను’, ‘మాన్పించు’ల సంగతి. 1995లో రైయన్, ప్లాంట్, ఓమాలీ అనేవారు చికిత్సకు వచ్చిన మద్యపాన రోగులలో అంతరంగ ప్రేరణను, బాహ్య ఒత్తిడిని వేరువేరుగా కొలిచారు. అంతరంగ ప్రేరణ అధికంగా ఉన్నవారు చికిత్సలో బాగా నిలిచారు. ఇది ఎవరైనా ఊహించేదే. ఊహించనిది ఏమంటే, అంతరంగ ప్రేరణతోపాటు బాహ్య ఒత్తిడి కూడా ఎక్కువగా ఉన్నవారు అందరికంటే బాగా నిలిచారు. అనగా భార్య ఏడ్చిందని, కొడుకు మాట్లాడటం మానాడని, పని పోతుందని వచ్చినవాడిని ‘నీ అంతట నీవు రాలేదు’ అని తిప్పి పంపడం శాస్త్రసమ్మతం కాదు. ఒత్తిడితో వచ్చినవాడి లోపల ఇంకా ఏమైనా ఉన్నదా అని చూడాలి. ‘వీళ్ళు పిల్చుకొచ్చినారు, వచ్చినా’ అన్న వాక్యంలో రెండు క్రియలున్నాయి. యువకుడు మొదటిదాన్ని విన్నాడు. ‘వచ్చినా’ అన్నది కూడా ఒక క్రియే. ఆయన నిజంగానే వచ్చాడు. తన కాళ్ళతో బస్సు ఎక్కాడు.

‘మాన్పించు’ అన్న క్రియను ఒక రాష్ట్రమంతటా ప్రయోగించిన చరిత్ర మనది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా ఉద్యమం నుంచి పుట్టిన సారా వ్యతిరేక పోరాటం 1992లో జిల్లా జిల్లాకూ పాకింది. చదువు నేర్చుకోవడానికి రాత్రి బడికి వచ్చిన స్త్రీలు తమ కూలి డబ్బు ఎక్కడికి పోతున్నదో ఆ పుస్తకాలలోనే చదివి, సారా దుకాణాలు మూయించారు. మన కర్నూలు జిల్లావారైన కోట్ల విజయభాస్కర రెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉండగా 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం సంపూర్ణ మద్య నిషేధం అమలుచేసింది; 1997లో అది సడలింది. ఆ స్త్రీల పోరాటాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. తాగనివారి ప్రేరణ ఎంత బలమైనదో అది లోకానికి చూపింది. కాని ఆ అయిదేళ్ళలో దుకాణం మూయాలా తెరవాలా అన్న చర్చ జరిగినంతగా, తాగేవాడు మానడానికి ఏమి సహాయం కావాలన్న చర్చ జరగలేదని నా అభిప్రాయం. దుకాణం మూతపడినప్పుడు మానినవాడు, తెరుచుకున్నప్పుడు ఏమయ్యాడు? ఆ ప్రశ్న ఇంటింటికీ మిగిలిపోయింది.

ఆ లోటు ఇప్పటికీ తీరలేదు. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు జరిపిన దేశవ్యాప్త సర్వే 2019లో వెలువడింది. మద్యానికి పూర్తిగా బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందినట్లు అందులో తేలింది. ముప్పై ఎనిమిది మందిలో ఒక్కడు గడప దాకా వస్తున్నప్పుడు, ఆ ఒక్కడికి పరీక్ష పెట్టి వెనుకకు పంపడానికి కొలమానాన్ని వాడటం ఎంత నష్టమో విద్యార్థులే ఆలోచించగలరు. కొలత ఉన్నది అతనితో తరువాత ఏ మాట మాట్లాడాలో తెలుసుకోవడానికి. నా దృష్టిలో దానికి వేరే ప్రయోజనం లేదు.

ప్రశ్నావళి చదవలేనివారి సంగతి ఏమిటి? మన దగ్గర వచ్చేవారిలో చాలామందికి ‘కొంతవరకు ఒప్పుకుంటాను’, ‘నిశ్చయంగా చెప్పలేను’ అన్న తేడాలు అర్థం కావు. చదివి వినిపించినా అన్నిటికీ ‘ఔను’ అంటారు. దీనికి మిల్లర్, రోల్నిక్‌ల సంప్రదాయంలో ఒక తేలిక పద్ధతి ఉన్నది. సున్న నుంచి పది వరకు గీతలున్న ఒక కొలబద్ద చూపి, మానడం నీకు ఎంత ముఖ్యం, మానగలనన్న నమ్మకం ఎంత అని రెండే ప్రశ్నలు విడివిడిగా అడుగుతారు. మన భాషలో ఇంతకంటే పాతదైన కొలబద్ద ఒకటి ఉన్నదని నాకు తోచింది. రూపాయికి పదహారణాలు పోయి 1957లో నయాపైసలు వచ్చినా, ‘పదహారణాల నిజం’ అన్న మాట ఇంకా బ్రతికే ఉన్నది. వయసు మళ్ళినవారిని ‘నీ మనసు రూపాయికి ఎన్ని అణాలు?’ అని అడిగితే వెంటనే జవాబు చెబుతారు. కుర్రవారికి అణా తెలియదు. వారి ముందు పది చింతపిక్కలు పోసి, ఎన్ని ఇటు జరుపుతావో జరపమంటే సరిపోతుంది.

జవాబు వచ్చిన తరువాత అడిగే ప్రశ్న ముఖ్యమైనది. ఒకడు నాలుగు పిక్కలు జరిపాడనుకోండి. ‘ఏమప్పా, నాలుగేనా? పది ఎందుకు కాదు?’ అని అడగడం మన సహజ ధోరణి. అలా అడిగితే అతడు మానలేకపోవడానికి గల కారణాలన్నీ ఏకరువు పెడతాడు. చెప్పిన కొద్దీ అవే అతనికి నిజమనిపిస్తాయి. ‘సున్న కాకుండా నాలుగు ఎందుకు పెట్టినావు?’ అని అడిగితే ఆ నాలుగు ఎక్కడి నుంచి వచ్చాయో చెబుతాడు. కూతురి పెండ్లి అంటాడు, కడుపు నొప్పి అంటాడు, వంకర గోడ అంటాడు.

ముఖ్యత, నమ్మకం అన్న రెండు ప్రశ్నలు వేరని మన ఉర్దూ విద్యార్థులకు నేను చెప్పనవసరం లేదు. ‘ఇరాదా’ వేరు, ‘హిమ్మత్’ వేరు. ఇరాదా ఉండి హిమ్మత్ లేనివాడు కోకొల్లలు. ఎన్నోసార్లు మాని ఎన్నోసార్లు పడిపోయినవాడికి మానడం ఎంత ముఖ్యమో అందరికంటే బాగా తెలుసు. తన మీద తనకు నమ్మకం పోయింది. అతనికి తాగుడు చెడ్డదని ఉపన్యాసం చెప్పడం పుండు మీద కారం చల్లడం. తెలుగులో ‘ఇష్టముందా’ అన్న ఒక్క మాటలో ఈ రెండూ కలిసిపోతాయి. మామూను ‘ఇరాదా ఉందా’ అని అడిగి ఉంటే ఏమనేవాడో!

ప్రశ్నావళులను అనువదించడంలో ఇటువంటి చిక్కులే అడుగడుగునా ఎదురవుతాయి. గత సంవత్సరం మా ద్వితీయ సంవత్సర విద్యార్థులు కొందరు సరదాగా కొన్ని వాక్యాలను తెలుగులోకి, ఉర్దూలోకి మార్చి చూశారు. ఇంగ్లీషులో తిన్నగా ఉన్న వాక్యం ఒక విద్యార్థి చేతిలో ‘నాకు సమస్య లేదని నేను అనుకోవడం లేదు’ అయింది. దానికి ఔనంటే ఏమి, కాదంటే ఏమి? తరగతి అంతా నవ్వింది, కాని ఆసుపత్రిలో ఆ వాక్యం ఒక మనిషి భవిష్యత్తును నిర్ణయించవచ్చును. అనువదించిన దానిని మూలం చూడనివారి చేత తిరిగి ఇంగ్లీషులోకి చేయించి, రెండింటినీ పోల్చి చూడడం ఈ శాస్త్రంలో ఉన్న ఆచారం. రెండు భాషలు ఇంట్లోనే నేర్చిన మన విద్యార్థులు ఈ పనికి బాగా తగినవారని నేను కళాశాల కమిటీ పెద్దలకు మనవి చేస్తున్నాను.

అనువాదం ఎంత బాగున్నా సిగ్గును దాటలేదు. మన సమాజంలో తాగుడు పాపం కావడం వల్ల, తాగేవాడు దానిని దాచుకుంటాడు. ఇంటివారు అతని కంటే ఎక్కువగా దాచుతారు. పెద్దల ముందు, కొడుకుల ముందు, మసీదు కమిటీ సభ్యుని ముందు అడిగిన ప్రశ్నకు వచ్చే జవాబు ప్రేరణను కొలవదు, పరువును కొలుస్తుంది. ఒట్టు పెట్టించడం కూడా అటువంటిదే. బిడ్డ తల మీద చేయి వేయించి ‘ఇక తాగను’ అనిపిస్తే ఆ క్షణానికి పదహారణాలూ వచ్చినట్లే ఉంటుంది. అది తప్పిన మరునాడు అతడు ఇంట్లోవారి మొహం చూడలేక తాగుతాడు. ఒంటరిగా, తలుపు దగ్గరకు వేసి, రాసుకునేది ఎవరికీ చూపనని చెప్పి అడగాలి. ఒక్కసారి అడిగి ఊరుకోక, వారానికొకసారి మళ్ళీ అడగాలి. అంకె పెరిగిందా తగ్గిందా అన్నది, అంకె ఎంత అన్నదాని కంటే ఎక్కువ చెబుతుంది.

ఈ దశల సిద్ధాంతాన్ని అందరూ ఒప్పుకోలేదన్నది కూడా విద్యార్థులు తెలుసుకోవాలి. 2005లో రాబర్ట్ వెస్ట్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు దానిని ఇక పక్కన పెట్టవలసిందని రాశాడు. ముప్పై రోజుల లోపు మానదలచినవాడు ఒక దశ, ఆరు నెలల లోపు మానదలచినవాడు ఇంకొక దశ అన్న గీతలు కృత్రిమమని, చాలామంది ఏ సన్నాహమూ లేకుండా ఒక ఉదయం లేచి మానివేస్తారని ఆయన వాదన. ఈ వాదనలో బలం ఉన్నది. మరొక ప్రక్క, అమెరికాలో 1,726 మంది రోగుల మీద జరిగిన ‘ప్రాజెక్ట్ మ్యాచ్’ అనే పెద్ద పరిశోధన ఫలితాలు 1997లో వచ్చాయి. ప్రేరణను పెంచే నాలుగే సంభాషణలు పన్నెండేసి సమావేశాల చికిత్సలతో ఇంచుమించు సమానంగా పనిచేశాయి. అయితే ప్రేరణ తక్కువ ఉన్నవారికి ఆ పద్ధతే ప్రత్యేకంగా పనికివస్తుందన్న ఆశ మాత్రం పెద్దగా నెరవేరలేదు. కాబట్టి ఈ అంకెలను జాతకచక్రం వలె చదవరాదు.

మత్తు విషయమై సహాయం కోరేవారి కోసం కేంద్ర ప్రభుత్వం 14446 అన్న ఉచిత ఫోను సంఖ్య ఏర్పాటుచేసింది. ఇంట్లో ఇటువంటి బాధ ఉన్న విద్యార్థి ఎవరైనా తండ్రి ‘ఇష్టం’ కోసం ఎదురు చూడకుండా తానే ఆ సంఖ్యకు ఫోను చేయవచ్చును. నా గదికి వచ్చినా సరే, పేరు రాయను.

మా విద్యార్థులు తయారుచేస్తున్న ప్రశ్నల జాబితా ఇంకా చిత్తుప్రతిగానే ఉన్నది. పుస్తకాలలోని వాక్యాలతోపాటు మన ఊళ్ళలో వినిపించే వాక్యాలు కూడా అందులో చేర్చమన్నాను. ఒకరు ‘నా పిల్లలు నన్ను చూసి పక్క గదిలోకి పోతున్నారు’ అని రాశారు. ఇంకొకరు ‘కూలి డబ్బు ఇంటికి చేరిన రోజు నాకు నిద్ర పడుతుంది’ అని రాశారు. మొదటి వాక్యం మాత్రం నేనే ఇచ్చాను: ‘చెయ్యి వణకకుండా ఒక్క రోజు పని చేసుకోవాలని నాకున్నది.’ దాని ఎదుట అయిదు గడులు గీసి పెట్టారు.